గుండెలో నాటిన మూలకణం ఏ గంటలో చస్తోంది? జెల్ ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

జర్మనీలోని హనోవర్ వైద్యులు 2005లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం ఈ రంగంలో అందరూ చదవాల్సింది. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న తొమ్మిది మందికి వాళ్ల ఎముక మజ్జ కణాలనే రేడియోధార్మిక గ్లూకోజ్‌తో గుర్తుపెట్టి ఎక్కించారు. గుండె ధమని ద్వారా ఎక్కించినవాళ్లకు గంట తర్వాత పెట్ స్కాన్ తీస్తే, గుండెలో మిగిలినవి 1.3 నుంచి 2.6 శాతం. తక్కినవి చాలావరకు కాలేయంలో, ప్లీహంలో తేలాయి. సీడీ34 అనే గుర్తు ప్రోటీన్ ఉన్న మజ్జ కణాలను ఏరి ఇచ్చినప్పుడు మాత్రం 14 నుంచి 39 శాతం దాకా నిలిచాయి. చేతి సిరలోకి ఎక్కించిన కణాల జాడ గుండెలో అసలు కనిపించలేదు.

ఒక పెద్ద గుండెపోటులో పోయే కండర కణాలు వంద కోట్ల దాకా ఉంటాయి. గుండె తనంతట తాను ఆ లోటు పూడ్చుకోలేదు. పాతికేళ్ల వయసులో ఏడాదికి దాదాపు ఒక శాతం, డెబ్బై అయిదేళ్లకు 0.45 శాతం కణాలే కొత్తగా పుడతాయని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తలు కార్బన్-14 లెక్కతో తేల్చారు. అందుకే బయటి నుంచి కణాలు పెట్టాలన్న ఆలోచన. పెట్టినవి నిలవడం లేదు కాబట్టి జెల్‌లో, అంటే నీరు నిండిన మెత్తని జిగురు పదార్థంలో, కలిపి పెట్టాలన్నది దాని తర్వాత వచ్చిన ఆలోచన.

ఏ జెల్ అని అడిగితే మాత్రం చాలా ల్యాబుల్లో దొరికే జవాబు, ఫ్రిజ్‌లో ఏది ఉంటే అది. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. కణాలు ఒకే కారణంతో పోవు. మొదటి నిమిషాల్లో కొట్టుకుపోతాయి. మొదటి గంటల్లో పట్టు దొరక్క చస్తాయి. తర్వాతి రోజుల్లో ఆక్సిజన్ అందక, వాపు వల్ల చస్తాయి. వారాల్లో రోగనిరోధక వ్యవస్థ వాటిని వెతికి చంపుతుంది. ఈ నాలుగింటికీ ఒకే పదార్థం మందు కాదు. మీ కణాలు ఏ దశలో ఎక్కువగా పోతున్నాయో కొలవకుండా కొన్న జెల్ డబ్బు దండగ.

మొదటి నిమిషాలు

గుండె కండరం ప్రతి కొట్టుడుకీ పిండుకుంటుంది. అందులో సూదితో ద్రవం వదిలితే కొంత సూది రంధ్రం గుండా వెనక్కి కారిపోతుంది, ఇంకొంత సిరల్లోకి, లింఫ్ నాళాల్లోకి పిండబడి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇక్కడ కణం బతికుందా చచ్చిందా అన్నదానితో పనే లేదు. కణాల బదులు అంతే సైజున్న ప్రాణం లేని మైక్రోస్ఫియర్లు (సూక్ష్మ గోళికలు) ఎక్కించి చూసిన ప్రయోగాల్లోనూ కొట్టుకునే గుండె వాటిలో చాలా భాగాన్ని బయటికి నెట్టేసింది. ఎలుకల్లో అడినోసిన్ ఇచ్చి గుండె వేగం తగ్గించినా, సూది గుచ్చిన చోట రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్‌తో చేసిన జిగురు వేసినా గంట తర్వాత నిలిచిన కణాలు దాదాపు రెట్టింపయ్యాయి. పూర్తిగా యాంత్రికమైన సమస్యకు యాంత్రికమైన పరిష్కారమే పనిచేసిందన్నమాట.

కాబట్టి ఈ దశలో జెల్‌కు ఉండాల్సిన గుణం చిక్కదనం, త్వరగా గట్టిపడటం. గుచ్చే పద్ధతి కూడా అంతే ముఖ్యం. ఎలుకలో ఒక్కో చోట 20 మైక్రోలీటర్లకు మించకుండా, గుండెపోటు మిగిల్చిన మచ్చ అంచు వెంట మూడు నుంచి అయిదు చోట్ల వేయడం మంచిది. సూదిని నిటారుగా దించకుండా ఏటవాలుగా కండరంలో కొంత దూరం నడిపి, ఇరవై ముప్పై సెకన్లలో మెల్లగా వదిలి, ఇంకో పది ఇరవై సెకన్లు అలాగే ఉంచి తీయాలి. ఒకే చోట 100 మైక్రోలీటర్లు ఒక్క ఊపున నొక్కితే ఎంత ఖరీదైన జెల్ అయినా బయటికే వస్తుంది.

సూదిలోనూ కణాలు చస్తాయి. సిరంజి గొట్టం నుంచి సన్నని సూదిలోకి ప్రవాహం ఒక్కసారిగా ఇరుకయ్యే చోట కణం సాగదీయబడి పొర చిరుగుతుంది. 2012లో స్టాన్‌ఫర్డ్ బృందం 28 గేజ్ సూదితో దీన్ని పరీక్షించింది. ఉత్త సెలైన్ లాంటి ద్రవంలో కంటే, కొంచెం మాత్రమే గట్టిపరిచిన ఆల్జినేట్ అనే నాచు జెల్‌లో కణాలు బాగా ఎక్కువగా బతికాయి. ఆ జెల్ గట్టిదనం దాదాపు 30 పాస్కల్. జెల్ గోడ దగ్గర జారుతూ మొత్తం ఒక ముద్దగా కదులుతుంది, లోపలి కణాలు సాగవు. అంతకంటే గట్టి జెల్ అయితే ఆ రక్షణ తగ్గుతుంది. గట్టిగా ఉంటే మంచిదనుకుని, జెల్‌ను గట్టిపరిచే కాల్షియం పెంచేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కణాల లెక్కలోనూ ఒక మోసం ఉంది. సూది దాటిన వెంటనే చచ్చిన కణాలకే పట్టే ట్రిపాన్ బ్లూ రంగు వేసి 95 శాతం బతికున్నాయని రాసుకుంటారు. పూర్తిగా పగిలిపోయిన కణం కంటికే కనపడదు, కాబట్టి శాతంలోకి రాదు. చావు మొదలైనా పొర ఇంకా చిరగని కణం రంగు పట్టదు. సూదికి ముందు, తర్వాత మొత్తం కణాల సంఖ్య లెక్కించాలి. ఆపైన 24 గంటలు కల్చర్‌లో ఉంచి మళ్లీ లెక్కించాలి. అప్పుడు వచ్చేదే అసలు సంఖ్య.

మొదటి గంటలు

ప్లాస్టిక్ డిష్‌కు అతుక్కుని హాయిగా పెరిగిన కణాన్ని ట్రిప్సిన్ ఎంజైమ్‌తో ఊడదీసి, రక్తం అందని, ఎర్రబారి వాచిన కండరంలో పెడుతున్నాం. నారు పీకి, నీళ్లు లేని మడిలో నాటినట్టే. అతుకు తెగిన కణం తన చావును తానే మొదలుపెట్టుకుంటుంది. దీన్నే అనోయికిస్ అంటారు. సియాటిల్‌లో చార్లెస్ మర్రీ బృందం ఎలుకల్లో చూసినప్పుడు, నాటిన గుండె కణాల చావు మొదటి రోజునే గరిష్ఠంగా ఉండి, వారం తిరిగేసరికి బాగా తగ్గిపోయింది.

అదే బృందం 2007లో మానవ పిండ మూలకణాల నుంచి చేసిన గుండె కణాలను ఎలుకల్లో నిలపడానికి వాడిన మిశ్రమం ఇప్పటికీ కొలమానమే. కణాలకు ఒక రోజు ముందు 43 డిగ్రీల దగ్గర అరగంట వేడి దెబ్బ. నాటేటప్పుడు సగం మ్యాట్రిజెల్, కణాన్ని చంపే కాస్పేజ్ ఎంజైమ్‌లను ఆపే జెడ్‌వ్యాడ్ 100 మైక్రోమోలార్, 50 నానోమోలార్ బీసీఎల్-ఎక్స్ఎల్ పెప్టైడ్, 200 నానోమోలార్ సైక్లోస్పోరిన్, మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఐజీఎఫ్-1 అనే పెరుగుదల ప్రోటీన్, 50 మైక్రోమోలార్ పినాసిడిల్. ఇన్నెందుకంటే, ఒక్కో చావు దారిని విడిగా మూస్తే కణం ఇంకో దారిలో చస్తోంది. మ్యాట్రిజెల్ పట్టు ఇస్తుంది. సైక్లోస్పోరిన్, బీసీఎల్ పెప్టైడ్ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను కాపాడతాయి. పినాసిడిల్ పొటాషియం ద్వారాలు తెరిచి, కణం ఆక్సిజన్ కొరతకు ముందే అలవాటు పడినట్టు చేస్తుంది. ఈ మిశ్రమంలోంచి మ్యాట్రిజెల్ ఒక్కటే తీసుకుని, అదే వాడామని రాసేవాళ్లను నమ్మకండి. పైగా మ్యాట్రిజెల్ ఎలుక కణితి నుంచి తీసింది. ల్యాబ్ దాటి మనిషి దాకా రాదు.

మనిషిలో వాడదగ్గ వాటిలో పట్టు ఇవ్వడానికి ఫైబ్రిన్, కొలాజెన్, ఆర్‌జీడీ పెప్టైడ్ (కణం పట్టుకునే చిన్న ప్రోటీన్ ముక్క) అతికించిన ఆల్జినేట్ ముఖ్యమైనవి. ఫైబ్రిన్ గురించి ఒక మాట. ఆపరేషన్ థియేటర్‌లో దొరికే సీలెంట్ కిట్‌లో మిల్లీలీటరుకు సుమారు 70 నుంచి 100 మి.గ్రా. ఫైబ్రినోజెన్ (ఫైబ్రిన్‌గా మారే ప్రోటీన్) ఉంటుంది. రక్తం ఆపడానికి అది బాగుంటుంది, కణాలు కాళ్లు చాపుకోవడానికి మరీ దట్టం. మిల్లీలీటరుకు 5 నుంచి 10 మి.గ్రా.లకు పలుచన చేయాలి. దాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను మిల్లీలీటరుకు ఒకటి రెండు యూనిట్లు వేస్తే అచ్చు పోయడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. శరీరంలోని ప్లాస్మిన్ ఫైబ్రిన్‌ను కొద్ది రోజుల్లోనే కరిగించేస్తుంది, అందుకే ప్లాస్మిన్‌ను అడ్డుకునే అప్రోటినిన్ కలుపుతారు.

ఆల్జినేట్ చేతిలోకి తీసుకుంటే

మీసెన్‌కైమల్ కణాలతో (మజ్జ, కొవ్వు లాంటి వాటి నుంచి తీసే ఒక రకం మూలకణాలతో) మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు ఆల్జినేట్‌కే. సముద్రపు గోధుమ నాచు నుంచి వస్తుంది, కాల్షియం తగిలితే గట్టిపడుతుంది, సిట్రేట్ పోస్తే మళ్లీ కరుగుతుంది. కణాలను వెనక్కి తీసి లెక్కించే వీలు మిగతా జెల్స్‌లో అంత తేలిగ్గా ఉండదు.

కణం ఆల్జినేట్‌కు తనంతట అతుక్కోదు. ఆర్‌జీడీ పెప్టైడ్‌ను ఈడీసీ, సల్ఫో-ఎన్‌హెచ్ఎస్ రసాయనాలతో అతికించాలి. 0.1 మోలార్ మెస్ బఫర్, 0.3 మోలార్ ఉప్పు, పీహెచ్ 6.5, సుమారు 20 గంటలు. తర్వాత మిగిలిన రసాయనాలు పోవడానికి మూడు రోజులు డయాలసిస్. ఇక్కడ ట్రిస్ బఫర్ వాడితే దానిలోని అమీన్ పెప్టైడ్ స్థానాన్ని ఎగరేసుకుపోతుంది. శుభ్రపరచడానికి ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరి) చేయకూడదు, గొలుసులు తెగి చిక్కదనం పడిపోతుంది. పలుచని ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపి, లయోఫిలైజ్ చేసుకుని (గడ్డకట్టించి ఆరబెట్టి) పెట్టుకోవాలి. ఎండోటాక్సిన్ (వాపు తెప్పించే బ్యాక్టీరియా విషం) తక్కువున్న మెడికల్ గ్రేడ్ కొనండి. మామూలు గ్రేడ్‌తో వచ్చే వాపును చూసి కణాలే పనికిరానివని తేల్చేసే ప్రమాదం ఉంది.

వాడే రోజున ఆ పొడిని 0.9 శాతం సెలైన్, 20 మిల్లీమోలార్ హెపెస్, పీహెచ్ 7.4లో 2 శాతం ఉండేలా కరిగించండి. పీబీఎస్ అనే ఫాస్ఫేట్ ఉప్పునీటిలో వద్దు. అందులోని ఫాస్ఫేట్ కాల్షియంను లాక్కుని తెల్లటి పొడిగా పడేస్తుంది, జెల్ మెత్తగా, గడ్డలుగా వస్తుంది. కణాలను దట్టమైన సస్పెన్షన్‌గా చేసి, సమాన భాగం ఆల్జినేట్‌తో కలిపితే తుది మోతాదు 1 శాతం ఆల్జినేట్, మిల్లీలీటరుకు కోటి కణాలు. కాల్షియం సల్ఫేట్‌ను మిల్లీలీటరు నీటికి 210 మి.గ్రా. చొప్పున తీసుకుంటే అది కరగని ముద్దనీరుగా ఉంటుంది. జెల్ మిల్లీలీటరుకు దీన్ని 16 మైక్రోలీటర్లు వేస్తే సుమారు 19 మిల్లీమోలార్ కాల్షియం. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఆల్జినేట్ లాట్ మారితే గట్టిదనం మారుతుంది, దాన్ని కొలిచే రియోమీటర్ మీద చూసి సర్దుకోండి.

కాల్షియం క్లోరైడ్ కాకుండా సల్ఫేట్ ఎందుకంటే, క్లోరైడ్ క్షణంలో కరిగి తగిలిన చోటల్లా ముద్ద కట్టేస్తుంది. సల్ఫేట్ మెల్లగా కరుగుతుంది, ఈలోగా కలపొచ్చు. కానీ పొడి అడుగున కూర్చుంటుంది. పిపెట్‌తో తీసే ముందు ప్రతిసారీ వోర్టెక్స్ చేయకపోతే ఒక బ్యాచ్ నీళ్లలా, ఇంకో బ్యాచ్ రబ్బరులా వస్తుంది. రెండు సిరంజిలను లూయర్ కనెక్టర్‌తో కలిపి, ఒకదాంట్లో కణాలున్న ఆల్జినేట్, రెండోదాంట్లో కాల్షియం పెట్టి అటూ ఇటూ ఏడెనిమిది సార్లు నెట్టండి. కలిపే ముందే రెండింటిలోనూ గాలి తీసేయాలి. బుడగ మిగిలితే ఎక్కించే పరిమాణం తప్పుతుంది, గుండెలోకి గాలి పోతుంది.

కణాలు బతికున్నాయో చూడటానికి 50 మిల్లీమోలార్ సోడియం సిట్రేట్‌లో అయిదు పది నిమిషాలు ఉంచి కరిగించి లెక్కించండి. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే సిట్రేటే కణాలను ఇబ్బంది పెడుతుంది.

తర్వాతి రోజులు: ఆక్సిజన్

రక్తనాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలో 100 నుంచి 200 మైక్రాన్ల వరకే చొరబడుతుంది. గుండెలో దాదాపు ప్రతి కండర కణం పక్కనా ఒక కేశనాళిక ఉంటుంది. మనం పెట్టే జెల్ ముద్ద మిల్లీమీటర్ల మందం. అంచు బతుకుతుంది, మధ్య చస్తుంది. అందుకే ఒకే పెద్ద ముద్ద కంటే నాలుగు చిన్న చుక్కలు మేలు. జపాన్‌లో ఉష్ణోగ్రతకు స్పందించే డిష్‌ల మీద కణాలను పెంచి, 32 డిగ్రీల కిందికి చల్లార్చి పొరగా ఊడదీసే పద్ధతికీ ఇదే హద్దు. పొరలు పేర్చుకుంటూ పోతే నాళాలు ఎక్కేలోపు మధ్య పొరలు పోతాయి.

మీసెన్‌కైమల్ కణాలు ఆక్సిజన్ లేకున్నా గ్లూకోజ్ ఉంటే కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. ఈ సంగతి తెలియక ఆక్సిజన్ మీదే ఖర్చు పెట్టే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. ఆక్సిజన్ విడుదల చేసే కాల్షియం పెరాక్సైడ్ కణికల్ని జెల్‌లో కలపడం ఒక దారి. నీటితో కలిస్తే అది ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇస్తుంది, దాన్నుంచే ఆక్సిజన్ వస్తుంది. మధ్యలో ఆ పెరాక్సైడే కణాలను చంపుతుంది. కాబట్టి పాలిమర్‌లో పొదిగి వేగం తగ్గించాలి, పెరాక్సైడ్‌ను విడగొట్టే కాటలేజ్ తోడు పెట్టాలి. విడుదలయ్యే కాల్షియం ఆల్జినేట్‌ను ఇంకా గట్టిపరుస్తుందనీ, పీహెచ్ పెరుగుతుందనీ మరవకూడదు.

నాళాలు పెరగడానికి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను ఒక్కసారిగా వదిలితే కారే నాళాలు వస్తాయి. మెల్లగా, వారాల తరబడి వదలాలి. 2014లో పందుల మీద చేసిన ఒక మంచి పనిలో గుండె కణాలతో పాటు నాళాల లోపలి పొర కణాలు, మృదు కండర కణాలు మూడూ కలిపి ఎక్కించి, పైన ఫైబ్రిన్ ప్యాచ్‌లో ఐజీఎఫ్ నింపిన జెలటిన్ గోళికలు పెట్టారు. ఇక గట్టిదనం గురించి ఎక్కువ చెప్పను. ఆరోగ్యమైన గుండె కండరం 10–20 కిలోపాస్కల్, మచ్చ 35–70 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. మొదటి వారం కణం బతకడానికి దీనికంటే పట్టు, తిండి ముఖ్యం.

ఏ కణానికి ఏ పదార్థం

మీసెన్‌కైమల్ కణం స్రవించే పదార్థాలే మనకు కావాలి. దాన్ని ఆల్జినేట్ గోళికలో బంధించినా పని జరుగుతుంది, రోగనిరోధక కణాలు దగ్గరికి రావు. గుండె కండర కణాన్ని అలా బంధిస్తే బతికినా ఉపయోగం లేదు. అది పక్క కణంతో విద్యుత్ సంబంధం పెట్టుకుని కలిసి కొట్టుకోవాలి. దానికి కరిగిపోయే పదార్థమే కావాలి.

కలిసిందంటే ఇంకో ప్రమాదం. 2014లో మర్రీ బృందం మకాక్ కోతుల్లో వంద కోట్ల గుండె కణాలు నాటినప్పుడు అవి నిలిచాయి, లయ కూడా తప్పింది. నాటిన కణాలు సొంతంగా కొట్టుకోవాలని చూడటమే దానికి మూలం. 2023లో అదే సియాటిల్ నుంచి, అయాన్లను కణం లోపలికీ బయటికీ పంపే మూడు జన్యువులు తీసేసి ఒకటి పెంచి ఈ లయభంగాన్ని అణిచారు. బతికే కణాలు పెంచే జెల్ తయారుచేస్తున్నవాళ్లు ఈసీజీ నిరంతర రికార్డింగ్ కూడా ప్రణాళికలో పెట్టుకోవాలి.

మనుషుల దాకా వచ్చినవాటిలో పారిస్‌లో ఫిలిప్ మెనాషే బృందం చేసింది చిన్నదైనా కీలకం. ఆరుగురికి, మధ్యస్థంగా 82 లక్షల పూర్వగామి కణాలను (గుండె కణాలుగా మారబోయే తొలిదశ కణాలను) ఫైబ్రిన్ ప్యాచ్‌లో పెట్టి, బైపాస్ సర్జరీ సమయంలో గుండె మీద అతికించారు. 2025 జనవరిలో జర్మనీలోని గెట్టింగెన్ బృందం కొలాజెన్‌లో పోసిన గుండె కణాలు, బంధన కణాల ప్యాచ్ ఫలితాలు ప్రచురించింది. మకాక్‌లలో 4 కోట్ల నుంచి 20 కోట్ల కణాల దాకా పెట్టారు, రోగనిరోధక మందులు ఇచ్చినంతకాలం ఆరు నెలల వరకు నిలిచాయి. ఒక 46 ఏళ్ల మహిళకు అతికించిన ప్యాచ్‌ను మూడు నెలల తర్వాత గుండె మార్పిడి సమయంలో తీసి చూస్తే నాటిన కండరం బతికే ఉంది, నాళాలు కూడా ఎక్కాయి. కండరంలోకి గుచ్చడం కంటే పైన అతికించడం ఆ మొదటి నిమిషాల నష్టాన్ని దాటేసినట్టే.

కణాలు లేని ఒట్టి జెల్ చరిత్ర కూడా చూడాలి. ధమని ద్వారా ఇచ్చిన పలుచని ఆల్జినేట్‌ను 303 మంది మీద పరీక్షిస్తే గుండె సాగిపోవడాన్ని అది ఆపలేదు. పంది గుండె నుంచి కణాలు తొలగించి చేసిన జెల్‌ను 15 మందికి క్యాథెటర్ ద్వారా ఇచ్చిన తొలి దశ పరీక్ష 2019లో వచ్చింది.

కొలత

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తే, నిలిచిన కణాలనూ బతికిన కణాలనూ వేరుగా లెక్కించాలి. ఊహకు ఒక ఉదాహరణ: సెలైన్‌లో ఇస్తే గంటకు 20 శాతం, 28వ రోజుకు 1 శాతం. జెల్‌లో ఇస్తే గంటకు 40 శాతం, 28వ రోజుకు 2 శాతం. వ్యాసం శీర్షికలో రెట్టింపు బతుకు అని వేస్తారు. లెక్క చూడండి, రెండింటిలోనూ గంటకు నిలిచినవాటిలో 28వ రోజుకు ఇరవయ్యో వంతే మిగిలింది. జెల్ కొట్టుకుపోవడాన్ని ఆపింది తప్ప చావును ఏమాత్రం ఆపలేదు. అక్కడ మార్చాల్సింది చిక్కదనం కాదు, పెప్టైడ్, మందులు, ఆక్సిజన్.

అందుకని కనీసం నాలుగు సమయాలు కొలవండి: వెంటనే, 24 గంటలు, నాలుగో రోజు, 28వ రోజు. ఎలుకలో మానవ కణాలైతే ఎలుకలో లేని, మానవ డీఎన్ఏలో ఉండే ఆలు (Alu) వరుసలకు క్యూపీసీఆర్ (డీఎన్ఏను లెక్కించే పరీక్ష) చేయాలి. మొత్తం జఠరికను నూరి తీయాలి, ముక్క తీస్తే లెక్క తప్పుతుంది. ఖాళీ ఎలుక గుండెలో తెలిసిన సంఖ్యలో కణాలు కలిపి ప్రామాణిక రేఖ గీసుకోవాలి. కణంలో పెట్టిన లూసిఫెరేజ్ ఎంజైమ్ వెలుగుకు ఏటీపీ (కణం శక్తి అణువు) కావాలి కాబట్టి బతికిన కణమే వెలుగుతుంది, కానీ లోతును బట్టి వెలుగు తగ్గుతుంది. ఐరన్ ఆక్సైడ్ పెట్టి ఎంఆర్ఐ తీస్తే కణం చచ్చాక మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణం ఆ ఇనుమును మింగి అక్కడే కూర్చుంటుంది, స్కాన్‌లో అంతా బతికున్నట్టే కనిపిస్తుంది.

గ్రూపుల్లో సెలైన్‌లో కణాలు, ఒట్టి జెల్, జెల్‌లో కణాలు ఎలాగూ పెడతారు. నాలుగోది ఎక్కువమంది మరిచేది: జెల్‌లో గడ్డకట్టించి చంపిన కణాలు. సిన్సినాటిలో జెఫ్రీ మోల్కెంటిన్ బృందం 2020లో చూపించింది ఇదే. ఎలుకల్లో చచ్చిన కణాలు గుచ్చినా, ఈస్ట్ గోడ నుంచి తీసిన జైమోసాన్ గుచ్చినా గుండె పనితీరు మెరుగైంది. రోగనిరోధక స్పందనే మచ్చను బాగుచేసింది. ఈ గ్రూపు లేకుండా ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ప్రతి కొట్టుడుకీ గుండె బయటికి పంపే రక్తం శాతం) పెరిగిందని చూపితే, అది బతికిన కణం వల్లేనని ఎవరూ ఒప్పుకోరు.

హైదరాబాద్ వైపు చూస్తే, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి కంటి అంచు మూలకణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి అతుకుతోంది. కంటి ఉపరితలానికి గాలి నుంచే ఆక్సిజన్ అందుతుంది, గుండెలా పిండుకోదు. అందుకే అక్కడ కుదిరింది ఇక్కడ కుదరడానికి ఇంత పాట్లు. ఆ విజయం చూపించి గుండెకు మూలకణ చికిత్స అమ్మే క్లినిక్‌లు కనిపిస్తే జాగ్రత్త. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప, గుండెకు మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే ఇవ్వాలి. ఆ ట్రయల్ సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ జాతీయ నమోదు) వెబ్‌సైట్‌లో నమోదై ఉండాలి, నంబర్ అడిగి అక్కడ వెతికి చూసుకోవచ్చు. ట్రయల్‌లో చేరడానికి రోగి నుంచి డబ్బు అడుగుతున్నారంటే అక్కడితో ఆగిపోండి.